రమ్మీ నేర్చుకోవడానికి ఏ దారి: క్యాష్ టేబులా, ఉచిత యాపా, ఇంట్లో 101 పూలా?

డబ్బు పెట్టకుండా ఆడితే రమ్మీ రాదు. పేకాట తెలిసినవాళ్లలో ఈ మాట గట్టిగా పాతుకుపోయింది. ఉచిత చిప్స్‌తో ఆడేవాడు చెత్త ముక్కలు పడ్డా చివరిదాకా లాగుతాడు, జేబులోంచి పోతుంటేనే ఎప్పుడు డ్రాప్ కావాలో, అంటే కొద్ది నష్టంతో ఆ ఆట ఎప్పుడు వదిలేయాలో తెలుస్తుంది అంటారు. ఇందులో సగం నిజం ఉంది. డ్రాప్ అవ్వడం రమ్మీలో సగం ఆట, అది ఉచిత టేబుల్ మీద అబ్బదు. అయితే దాన్ని నేర్పేది డబ్బేనా, పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండటమా? నా లెక్కలో రెండోది. అందుకే ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే క్యాష్ టేబుల్, ఉచిత యాప్, ఇంటి ఆట అనే మూడు దారులనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నేను ఇంట్లో నోట్‌బుక్కు పెట్టుకుని ఆడే 101 పూల్ (లెక్క కూడుకుంటూ పోయి 101 తాకినవాడు ఔటయ్యే ఆట) వైపు మొగ్గుతాను. కారణాలు చెప్తాను, నచ్చకపోతే వేరేది ఎంచుకోవచ్చు.

ముందు చట్టం సంగతి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉండేవాళ్లకు మూడు దారుల్లో ఒకటి ఎప్పుడో మూసేశారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. హైదరాబాద్‌లో కూర్చుని బెంగళూరు లొకేషన్ చూపించి ఆడినవాళ్లు ఆ తర్వాత కూడా ఉన్నారు. ఆ సందు కూడా 2025 ఆగస్టులో మూసుకుపోయింది. పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ మీద తెచ్చిన చట్టానికి ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. డబ్బు కట్టి, డబ్బు వస్తుందన్న ఆశతో ఆడే ఏ ఆన్‌లైన్ ఆటనైనా ఆ చట్టం నిషేధిస్తుంది. అది నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అన్న తేడా చూడదు. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు వేస్తే రెండేళ్లు, 50 లక్షలు. డబ్బు చేతులు మారడానికి సాయపడే బ్యాంకులూ పేమెంట్ సంస్థలూ తప్పించుకోలేవు. కొద్ది రోజుల్లోనే పేరున్న కంపెనీలు క్యాష్ టేబుళ్లు ఎత్తేశాయి. చట్టాన్ని సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి, అది వేరే కథ.

కేంద్ర చట్టం ఆడేవాడికి శిక్ష వేయదు, అతన్ని బాధితుడిగానే చూస్తుంది. మన రెండు రాష్ట్రాల చట్టాలు మాత్రం అలా వదిలిపెట్టవు, ఆడినవాడికి కూడా శిక్ష ఉంది. "ప్లేయర్‌కి ఏం కాదు బ్రో" అని వీడియోల్లో చెప్పేవాళ్లు మొదటి సగం చెప్పి ఆపేస్తారు.

ఇంకో వాదన తరచుగా వినిపిస్తుంది. రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది కదా అని. చెప్పింది, 1968లో. కేసు కూడా మన దగ్గరిదే, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడవదని, ఏ ముక్కలు పడ్డాయో గుర్తుంచుకోవాలని, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలని కోర్టు అంది. కానీ అదే తీర్పులో, ఆ ఆట మీద ఇంటి యజమానో క్లబ్బో లాభం చేసుకుంటుంటే నేరం కావచ్చని కూడా ఉంది. ఆన్‌లైన్ కంపెనీలు ఏళ్ల తరబడి మొదటి భాగాన్నే బోర్డు కట్టుకున్నాయి. వాటి ఆదాయమంతా వచ్చింది రెండో భాగంలో చెప్పిన పద్ధతిలోనే, అంటే ప్రతి టేబుల్ మీదా తీసుకునే కమిషన్‌తో.

క్యాష్ టేబుల్ లెక్క

చట్టాన్ని కాసేపు పక్కన పెట్టి, నేర్చుకునేవాడికి క్యాష్ టేబుల్ లాభమా నష్టమా చూద్దాం. ఇద్దరు ఆటగాళ్లు చెరి 100 రూపాయలు పెట్టారు. ప్లాట్‌ఫాం 10 శాతం తీసుకుంటుంది అనుకోండి. మొత్తం పందెం 200, కమిషన్ 20, గెలిచినవాడి చేతికి 180. అంటే గెలిస్తే 80 మిగులుతుంది, ఓడితే 100 పోతుంది. ఇద్దరూ సమఉజ్జీలైతే వందలో యాభై ఆటలు ఒకడివి, యాభై రెండోవాడివి. అప్పుడు ఇద్దరూ నష్టపోతారు, లాభం టేబుల్‌ది. పైసా పోకుండా ఉండాలంటేనే వందకు 56 ఆటలు గెలవాలి. కమిషన్ 15 శాతమైతే 59. ఇప్పుడిప్పుడే సీక్వెన్సులు (ఇస్పేటు నాలుగు, అయిదు, ఆరు లాంటి ఒకే రంగు వరస ముక్కలు) పేర్చుకుంటున్నవాడు, తనలాంటి వాళ్లతోనో తనకంటే బాగా ఆడేవాళ్లతోనో కూర్చుని వందలో 56 గెలవడం కల్ల.

దీని మీద పన్నులు. 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్ పట్టుకునేవారు. అదే ఏడాది అక్టోబర్ నుంచి వేసే డిపాజిట్ మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది. 100 రూపాయలు వేస్తే దాదాపు 22 రూపాయలు పన్ను కింద లెక్క. కంపెనీలు బోనస్ పేరుతో కొంత తిరిగి ఇచ్చినట్టు చూపించాయి గానీ ఎక్కడో ఒకచోట ఆ బరువు ఆటగాడి మీదే పడింది. ఇంత ఫీజు కట్టి నేర్చుకునేది డ్రాప్ ఒక్కటే. బాగా ఆడేవాళ్లు గెలవలేదని కాదు. గెలిచినవాళ్ల డబ్బు ఎక్కడిదంటే నేర్చుకోవడానికి వచ్చినవాళ్లదే.

ఉచిత యాప్ ఎందుకు మంచిది, ఎక్కడ చెడగొడుతుంది

రూల్స్ తెలియనివాడికి ఉచిత యాప్‌ను మించింది లేదు. పదమూడు ముక్కలు పంచుతుంది, ఇస్పేటు, ఆటీను, డైమన్, కళావరు రంగుల వారీగా సర్దుతుంది, మీరు మూడు ముక్కలు ఒకచోట చేర్చగానే అది జోకర్ (వేరే ముక్కకు బదులుగా వాడే ముక్క) లేని ప్యూర్ సీక్వెన్సా, జోకర్ కలిసిన సీక్వెన్సా, ఒకే అంకె వేర్వేరు రంగుల్లో ఉన్న సెట్టా అన్నది పైనే రాసి చూపిస్తుంది. రెండు సీక్వెన్సులు ఉండాలి, వాటిలో ఒకటి జోకర్ లేనిది అయి ఉండాలి, మిగతావి సీక్వెన్సులైనా సెట్లైనా పర్వాలేదు. ఈ ఒక్క రూలు నోటితో పదిసార్లు చెప్పినా ఎక్కనివాళ్లకు యాప్‌లో ఓ సాయంత్రం ఆడితే ఎక్కుతుంది. అందులోని చిన్న చిన్న మెలికలు కూడా. ఆసు, రెండు, మూడు సీక్వెన్సే. రాణి, రాజు, ఆసు కూడా సీక్వెన్సే. రాజు, ఆసు, రెండు మాత్రం కాదు. సెట్‌లో ఒకే రంగు ముక్క రెండుసార్లు వస్తే చెల్లదు. రెండు పేకలతో ఆడతాం కాబట్టి రెండు ఇస్పేటు రాజులు, ఒక డైమన్ రాజు పట్టుకుని సెట్ అయిపోయిందని సంబరపడే పొరపాటు కొత్తవాళ్లందరిదీ.

ఈ సాయమే తర్వాత అడ్డమవుతుంది. గ్రూపుల పేర్లు యాప్ చెప్తుంటే కన్ను ముక్కల మీద ఉండదు, ఆ పేర్ల మీద ఉంటుంది. రెండు వారాల తర్వాత అసలు పేక చేతిలో పెడితే పదమూడు ముక్కలు విసనకర్రలా పట్టుకోవడం కూడా రాక తడబడతారు. అది చిన్న ఇబ్బందే. అసలు ఇబ్బంది ఉచిత చిప్స్. పోయినా మళ్లీ వస్తాయి, కాబట్టి టేబుల్ మీద ఆరుగురూ ప్రతి ఆటా ఆడతారు. అందరూ ఆడే టేబుల్ మీద ఎదుటివాడు ఎందుకు ఆడుతున్నాడో ఊహించి లాభం లేదు, ఎందుకంటే కారణమేమీ ఉండదు.

యాప్ ఎంచుకునేటప్పుడు నేను చూసేవి నాలుగే. కంప్యూటర్‌తో, టైమర్ లేకుండా ఆడే అవకాశం ఉండాలి. గ్రూపులను గుర్తుపట్టి చెప్పే సాయాన్ని ఆపేసే సెట్టింగ్ ఉండాలి. పూల్ ఆట ఉండాలి, పాయింట్స్ ఒక్కటే ఉంటే చాలదు. స్నేహితులను మాత్రమే పిలుచుకునే ప్రైవేట్ టేబుల్ ఉండాలి. చిప్స్ కొనమని ప్రకటనలు వస్తూనే ఉంటాయి, కొనకండి. అయిపోతే మర్నాడు ఉచితంగా ఇస్తారు, అప్పటిదాకా ఆగితే నష్టమేం లేదు. ఆ చిప్స్‌ను డబ్బుగా మార్చిపెడతామని ఎవరైనా ఏజెంట్ వాట్సాప్‌లో పలకరిస్తే మాత్రం అది ఇక ఉచిత యాప్ కాదు, క్యాష్ టేబులే.

పాయింట్స్, డీల్స్, పూల్: ఏది ఏం నేర్పుతుంది

యాప్ తెరవగానే ఈ మూడు పేర్లు కనిపిస్తాయి. చాలామంది మొదటిదే నొక్కుతారు, ఎందుకంటే పాయింట్స్ ఆట త్వరగా అయిపోతుంది. ఒక్కో ఆట దేనికదే. ఓడితే చేతిలో మిగిలిన ముక్కల లెక్క మీ పేరున పడుతుంది, గరిష్ఠంగా 80. ముక్క ఎత్తకుండానే డ్రాప్ అయితే 20, మధ్యలో వదిలేస్తే 40. డబ్బుతో ఆడినప్పుడు ఈ 20కీ 80కీ తేడా బాగానే తెలుస్తుంది. డబ్బు లేనప్పుడు ఆ తేడాకు అర్థమే ఉండదు, ఆట అయిపోగానే అంకె చెరిగిపోతుంది. డబ్బు లేకుండా నేర్చుకునేవాడికి పాయింట్స్ ఆట అన్నిటికంటే తక్కువ ఉపయోగం.

డీల్స్ ఆటలో ముందే అనుకున్నన్ని ఆటలు ఆడి, చివర్లో ఎవరి దగ్గర చిప్స్ ఎక్కువుంటే వాళ్లు గెలుస్తారు. చాలాచోట్ల ఇందులో డ్రాప్ ఉండదు. ముక్కలు ఎలా పడ్డా ఆడి తీరాలి కాబట్టి చెత్త ముక్కలను ఎలా బాగు చేసుకోవాలో చేతికి వస్తుంది. మొదటి కొన్ని రోజులకు ఇది మంచిదే.

పూల్‌లో మాత్రం ప్రతి ఆట అంకె తర్వాతి ఆటలోకి మోసుకెళ్తారు. 101 పూల్‌లో మీ లెక్క 101 తాకితే మీరు ఔట్, చివరిదాకా నిలిచినవాడు గెలుస్తాడు. 201 కూడా అంతే, డ్రాప్ 25, మిడిల్ డ్రాప్ 50 అవుతాయి, ఆట సాగదీసినట్టుంటుంది, సెలవు రోజు పనికొస్తుంది. ఇక్కడ పోయేది డబ్బు కాదు, ఆడే అవకాశమే. ఇంకో గంట బల్ల దగ్గర ఉంటారా, లేక పక్కకు జరిగి టీ తాగుతూ మిగతావాళ్ల ఆట చూస్తారా అన్నది మీ నోట్‌బుక్కు అంకె చెప్తుంది. రూపాయి లేకపోయినా ఈ భయం చాలు, డ్రాప్ దానంతట అదే వస్తుంది.

ఒక ఆట తీసుకుని చూద్దాం. కట్ జోకర్ (ఆ ఆటకు జోకర్‌గా తీసిన ముక్క) కళావరు ఏడు, అంటే ఏడులన్నీ జోకర్లే. మీకు పడినవి: ఇస్పేటులో నాలుగు, అయిదు, తొమ్మిది, రాజు. ఆటీనులో రెండు, ఎనిమిది, రాణి. డైమన్‌లో మూడు, జాకీ, రాజు. కళావరులో ఆరు, పది, ఆసు. ఒక్క ఏడు కూడా లేదు, పేకలోనే జోకర్ బొమ్మతో వచ్చే ప్రింటెడ్ జోకర్ లేదు. ప్యూర్ సీక్వెన్స్ లేదు. కలిసేలా ఉన్నవి ఇస్పేటు నాలుగు, అయిదు. వాటికి ఇటు మూడో అటు ఆరో రావాలి, రెండు పేకల్లో కలిపి నాలుగు ముక్కలు. డైమన్ జాకీకీ రాజుకీ మధ్య రాణి ఒక్కటే కావాలి, అవి రెండే. రాజులు ఒక జత. ఆసు, బొమ్మలు పదేసి లెక్కన మొత్తం కూడితే 97, కాబట్టి ఓడితే 80 పడుతుంది. డ్రాప్ అయితే 20.

ఉచిత పాయింట్స్ టేబుల్ మీద ఈ ముక్కలను వందకు తొంభై మంది ఆడతారు. 101 పూల్‌లో మొదటి ఆటకే ఇవి పడితే? 80 పడ్డాక ఇంకో డ్రాప్‌తో వంద, ఆ తర్వాత దారి లేదు. డ్రాప్ అయితే ఇరవై, ఇంకా ఊపిరి ఉంది. వరసగా అయిదుసార్లు డ్రాప్ అయినా 100 దగ్గర ఆగి బతికే ఉంటారు. ఈ కూడికలు చేయడం మొదలుపెట్టిన రోజు మీకు ఆట వస్తున్నట్టు.

ఇక్కడే పూల్‌లో ఇంకో లోతు ఉంది. మీ లెక్క 80 దాటిందంటే డ్రాప్ పోయినట్టే, 81కి 20 కలిపితే 101. అప్పటి నుంచి చెత్త ముక్కలైనా ఆడి తీరాలి. దీన్ని తిప్పి చూడండి. ఎదుటివాడు 85 మీద ఉన్నాడు, ప్రతి ఆటా ఆడుతున్నాడు. అతను ఆడుతున్నాడంటే ముక్కలు బాగా పడ్డాయని అర్థం కాదు, వదలలేడు కాబట్టి ఆడుతున్నాడు. అదే 30 మీద ఉన్నవాడు మొదటి ముక్క నింపాదిగా ఎత్తాడంటే జోకరో ప్యూర్ సీక్వెన్సో ఉండే ఉంటుంది. లెక్కల కాగితం చూసి చేతిలో ఏముందో ఊహించడం ఈ ఆటలోనే నేర్చుకోగలం. రీజాయిన్ పద్ధతి పెట్టుకుంటే, అంటే ఔటైనవాణ్ణి మళ్లీ తీసుకుంటే, ఈ భయం కాస్తా పలచబడుతుంది. నేర్చుకునే రోజుల్లో రీజాయిన్ వద్దంటాను.

ఎంతమంది ఉన్నారన్నదీ చూడాలి. ఇద్దరే ఉంటే పైన చెప్పినంత చెత్త కాకపోతే ఆడేయొచ్చు, ఎదుట ఉన్నది ఒక్క చెయ్యే. ఆరుగురు కూర్చుంటే ఎవరో ఒకరికి మంచి ముక్కలు పడే ఉంటాయి, షో (ముక్కలు పూర్తిగా కుదిరి ఆట ముగించడం) త్వరగా వస్తుంది, డ్రాప్‌లు పెరగాలి.

ఇంటి బల్ల

పండక్కి నలుగురు చేరినప్పుడో, ఆదివారం మధ్యాహ్నమో రెండు పేకలు, ఒక నోట్‌బుక్కు, ఒక పెన్ను ఉంటే చాలు. పైసా వద్దు. "పావలా పాయింటేగా" అని మొదలుపెట్టకండి, రెండు రాష్ట్రాల్లోనూ పందెం అనగానే చట్టం మొహం చూపిస్తుంది, పైగా పావలాతో మొదలైనది పావలా దగ్గర ఆగిన ఇళ్లు తక్కువ. పందెం లేకపోతే పిల్లల ముందు ఆడటానికీ మొహమాటం ఉండదు.

యాప్ నేర్పలేనివి ఇక్కడ నేర్చుకుంటారు. యాప్‌లో పడిన ముక్కల జాబితా నొక్కగానే కనిపిస్తుంది. బల్ల మీద కనిపించేది పైనున్న ఒక్క ముక్కే, కిందివన్నీ గుర్తుంచుకోవాలి. అన్నీ గుర్తుంచుకోవడం ఎవరివల్లా కాదు, ప్రయత్నించి తలనొప్పి తెచ్చుకోవద్దు. రెండే పనులు చేయండి. మీరు ఎదురుచూస్తున్న ముక్కలు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. పై ఉదాహరణలో ఇస్పేటు మూళ్లు, ఆరులు నాలుగే అన్నాం, వాటిలో మూడు పడిపోతే ఆ సీక్వెన్స్ మీద ఆశ వదిలేయాలి. రెండోది, ఎదుటివాడు పడేసిన ముక్కను ఎవరు ఎత్తారో గమనించండి. పక్కవాడు ఆటీను తొమ్మిది ఎత్తాడా, అతనికి ఆటీను ఎనిమిది గానీ పది గానీ ఇవ్వకండి, ఇంకో తొమ్మిదీ ఇవ్వకండి. ఈ రెండు అలవాట్లతోనే మామూలు ఆటగాళ్లలో సగం మందిని దాటేస్తారు.

మనుషులను చదవడం కూడా ఇక్కడే. మా బంధువుల్లో ఒక పెద్దాయన ఉన్నారు, జోకర్ పడగానే దాన్ని ఎడమ చివరకు పెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకుంటారు. పిల్లలందరికీ తెలుసు, ఆయనకు తెలియదు, ఎవరూ చెప్పరు.

మొదలుపెట్టే ముందు రూల్స్ కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి. తప్పు షోకి 80 వేయడం దాదాపు అందరూ ఒప్పుకుంటారు. గొడవలన్నీ ఓడినవాడి లెక్క దగ్గర వస్తాయి. ప్యూర్ సీక్వెన్స్ లేకపోతే పదమూడు ముక్కలూ లెక్కలోకి వస్తాయి. ప్యూర్ ఉండి రెండో సీక్వెన్స్ లేకపోతే, ఆ ప్యూర్ ముక్కలు తప్ప అన్నీ లెక్కలోకి వస్తాయి, పక్కన చక్కటి సెట్ ఉన్నా సరే. ఆన్‌లైన్ పద్ధతి ఇది. కొన్ని ఇళ్లలో ప్యూర్ ఒక్కటుంటే సెట్లు కూడా వదిలేస్తారు. ఏదైనా పర్వాలేదు, ముందే అనుకోవాలి. ప్రింటెడ్ జోకరే కట్ జోకర్‌గా వస్తే ఆసులన్నీ జోకర్లు, ఇది కూడా అప్పుడే అనేసుకోండి.

ఈ దారికి ఉన్న లోపం ఒక్కటే, మనుషులు దొరకాలి. ఇద్దరే దొరికే ఇళ్లలో పదమూడు ముక్కలాట కాస్త చప్పగా ఉంటుంది. భార్యాభర్తలిద్దరే ఆడుకోవాలంటే పది ముక్కల జిన్ రమ్మీ నాకు బాగా నచ్చుతుంది. జోకర్లు లేవు, మిగులు లెక్క పదికి తగ్గితే ఆపేయొచ్చు. అయితే దానికి అలవాటు పడి మన రమ్మీకి వస్తే జోకర్‌తో ఏం చేయాలో తెలియక తికమక పడతారు.

టెలిగ్రాంలో వచ్చే లింకులు

పేరున్న యాప్‌లు క్యాష్ ఆపేశాక ఖాళీ అయిన చోటికి డబ్బు ఆట పేరుతో ఈ లింకులు వచ్చాయి. రిజిస్టర్ కాగానే బోనస్, యాప్‌ను నేరుగా ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైలు, ప్లే స్టోర్‌లో కనిపించదు. డబ్బు వేయాలంటే ఒక క్యూఆర్ కోడ్, అది నిన్న ఒకరి పేరు మీద, ఇవాళ ఇంకొకరి పేరు మీద ఉంటుంది. కంపెనీ ఖాతా అయితే రోజూ పేరెందుకు మారుతుంది? ఆ ఖాతాలు చాలావరకు అద్దెకు తీసుకున్నవి. మొదట్లో చిన్న మొత్తాలు గెలిపించి, వెంటనే విత్‌డ్రా కూడా ఇస్తారు. నమ్మకం కుదిరాక పెద్ద మొత్తం వేస్తే, తీసుకోవడానికి ముందు "ట్యాక్స్ కట్టండి" అంటారు. నిజమైన టీడీఎస్ గెలుపులోంచి కోసుకుంటారు, ఎదురు కట్టించుకోరు.

పోయేది వేసిన డబ్బొక్కటే అయితే అదొక రకం. ఏపీకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎస్ఎంఎస్ చదివే అనుమతి ఇస్తే మీ ఓటీపీలు వాళ్ల చేతికి వెళ్తాయి. ఇంకోటి చాలామంది ఊహించరు. మీరు గెలిచిన రెండు వేలు వచ్చిన ఖాతా ఏదో మోసం కేసులో ఉంటే, ఆ డబ్బు జాడ పట్టుకుని మీ ఖాతా కూడా ఫ్రీజ్ చేస్తారు. జీతం పడే ఖాతా అయితే ఇంటి అద్దె, ఈఎంఐ అన్నీ ఆగుతాయి, తర్వాత స్టేషన్ చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరగాలి. ముక్కలు నిజంగా కలిపి పంచుతున్నారో లేదో చూసేవాడు కూడా అక్కడ లేడు. ఎదుట కూర్చున్న అయిదుగురూ ఒకడే కావచ్చు. నైపుణ్యం గురించి మాట్లాడటానికి అది చోటు కాదు.

ఎవరికి ఏది

రూల్స్ అసలు తెలియనివాళ్లు ఉచిత యాప్‌లో కంప్యూటర్‌తో డీల్స్ ఆట ఆడండి. షో తప్పులు లేకుండా ఆడగలిగిన రోజు గ్రూపుల సాయం ఆపేసి పూల్‌కి మారండి. ఇంట్లో నలుగురు దొరికేవాళ్లు అక్కడితో యాప్ మూసేసి బల్ల దగ్గరికి వచ్చేయండి. హాస్టల్లోనో వేరే ఊళ్లో ఉద్యోగంలోనో ఉండి మనుషులు దొరకనివాళ్లకు ప్రైవేట్ టేబుల్, అందులో 101 పూల్, వాట్సాప్ కాల్‌లో మాటలు. లెక్క మాత్రం యాప్‌కి వదిలేయకుండా నెల పొడుగునా ఎవరు ఎన్ని పూల్స్ గెలిచారో విడిగా రాసుకోండి. ఆ పట్టిక ఉంటే చిప్స్ కంటే జాగ్రత్తగా ఆడతారు.

డబ్బు కోసమే నేర్చుకోవాలనుకుంటున్నవాళ్లకు నా దగ్గర దారి లేదు. చట్టం ఒప్పుకున్న రోజుల్లో కూడా కమిషన్, పన్ను పోను మిగిలించుకున్నవాళ్లు కొద్దిమందే, అది ఉద్యోగంగా చేసుకోదగ్గ లెక్క కాదు. ఇప్పటికే పోగొట్టుకుని, పోయినదాన్ని ఆటలోనే రాబట్టాలని అనిపిస్తుంటే ఇది ఏ ఆట మంచిది అన్న ప్రశ్న కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

లింకుల యాప్‌లో డబ్బు ఇరుక్కున్నవాళ్లు ట్యాక్స్ పేరుతో ఇంకో రూపాయి వేయకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. యూపీఐ లావాదేవీ నంబరు, క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్, అవతలివాళ్లతో జరిగిన చాట్ దగ్గర పెట్టుకోండి, అవే అడుగుతారు. యాప్ తీసేయాలన్న తొందరలో ఆ చాట్‌ను ముందే డిలీట్ చేయకండి.